కొండ దిగే ఇంటికి ఏ బ్రేకు ప్యాడ్?

మంచం, వంటగట్టు, స్నానాలగది మోసుకుంటూ మోటారు ఇల్లు గూడూరు దాటి తిరుమల వైపు తిరిగిందంటే, అందులో ఉన్నవాళ్ల ప్రాణాలు ముందు చక్రాల్లోని నాలుగు చిన్న పలకల మీద ఎక్కువగా ఆధారపడతాయి. వాటిని మార్చేటప్పుడు ఏం చూడాలి?

చెన్నై నుంచి కోల్‌కతా పోయే 16వ నంబరు జాతీయ రహదారి గూడూరును ఒరుసుకుంటూ పోతుంది. చిల్లకూరు, కోట వైపు నుంచి వచ్చే సిలికా ఇసుక లారీలు, గూడూరు మార్కెట్‌లో ఎత్తిన నిమ్మకాయల లోడ్లు, రొయ్యల వ్యాన్లు, తిరుపతి యాత్రికుల టెంపోలు ఈ దారికి పాత కాపులు. వాటి నడుమ ఇప్పుడు అప్పుడప్పుడూ ఒక మోటారు ఇల్లు కూడా కనిపిస్తోంది. కప్పు మీద సోలార్ పలకలు, పక్కన చుట్టిపెట్టిన పందిరి గుడ్డ, వెనక తగిలించిన సైకిళ్లు. నేలపట్టులో పక్షులు, తూపిలిపాలెంలో సముద్రం, పెంచలకోనలో నరసింహస్వామి, ఆపైన ఏడుకొండలు. గూడూరు చుట్టూ ఇలాంటి బండికి దారులు బోలెడు. సముద్రం వైపు దారులు చదునుగా పోతాయి. పడమటి దారులు కొండలు ఎక్కి దిగుతాయి. ఈ కథనం ఆ దిగడం గురించి.

ప్యాడ్లు అరిగిపోతే స్పేర్ పార్ట్స్ షాపుకు పోయి బండి పేరు చెప్పి, ఇచ్చింది తెచ్చుకోవడం అందరికీ అలవాటు. కారుకు ఆ పద్ధతి చాలావరకు సరిపోతుంది. మోటారు ఇంటికి సరిపోదు. షాపాయనకు మనం చెప్పేది వ్యాను పేరు మాత్రమే. దాని మీద కట్టుకున్న ఇంటి సంగతి ఆయనకు తెలియదు. అదే వ్యాను స్కూలుకు నడిస్తే పిల్లల్ని దించి ఖాళీగా తిరిగొస్తుంది. అంబులెన్సుగా నడిస్తే ఒక్క రోగితో పోతుంది. ఇల్లుగా మారితే మాత్రం బతికినంత కాలం నిండు బరువుతోనే తిరుగుతుంది. కాబట్టి ప్యాడ్ ఎంపిక బండి పేరుతో కాదు, బండి బరువుతో మొదలుకావాలి. నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే.

తిరుమల లెక్క

తిరుపతి ఊరు సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తున ఉంది. తిరుమల 850 మీటర్లకు పైన ఉంది. దిగేటప్పుడు బండి ఇంచుమించు 700 మీటర్ల ఎత్తు కోల్పోతుంది. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డే ఇప్పుడు దిగే దారి. 1970లలో వచ్చిన రెండోది ఎక్కే దారి.

ఐదు టన్నుల మోటారు ఇల్లు ఆ 700 మీటర్లూ దిగితే వదిలించుకోవలసిన శక్తి దాదాపు 34 మెగాజౌళ్లు. ఆ అంకె మనసుకు ఎక్కదు గనుక ఇంకోలా చెబుతాను. 30 డిగ్రీల దగ్గర ఉన్న 115 లీటర్ల నీళ్లను మరిగేదాకా కాచడానికి అంత వేడి చాలు. ఈ శక్తి ఎక్కడికో పోవాలి. కొంత గాలి ఒరిపిడికి పోతుంది. చిన్న గేరులో దిగితే చాలా భాగాన్ని ఇంజను తీసుకుంటుంది. మిగిలిందంతా ప్యాడ్లకూ డిస్కులకూ డ్రమ్ములకూ చేరుతుంది. న్యూట్రల్‌లో దిగితే దాదాపు మొత్తం వాటికే.

చదును రోడ్డుతో పోల్చి చూడండి. అదే ఐదు టన్నుల బండి గంటకు 80 కి.మీ. వేగం నుంచి పూర్తిగా ఆగితే పుట్టే వేడి సుమారు 1.2 మెగాజౌళ్లు. అంటే ఒక్క తిరుమల దిగడం, నాయుడుపేట రోడ్డు మీద 80 వేగంలో పోతూ 28 సార్లు నిలువునా బ్రేకు వేసి ఆపడంతో సమానం. మధ్యలో చల్లారడానికి పెద్దగా తీరిక దొరకదు. హైవే మీద ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ పెట్టని ప్యాడ్, ఘాట్‌లో పది మలుపులు తిరిగేసరికి పట్టు సడలించడానికి కారణం ఇదే.

తిరుమల ఒక్కటే కాదు. గూడూరు నుంచి రాపూరు మీదుగా చిట్వేలి వైపు పోతే వెలిగొండల్లో ఘాట్ దిగాలి. పీలేరు వైపు నుంచి తిరుపతికి వస్తే భాకరాపేట ఘాట్ ఉంది. చిత్తూరు, పలమనేరు మధ్య మొగిలి ఘాట్ ఉంది. 2022 మార్చిలో భాకరాపేట దగ్గర నిశ్చితార్థానికి పోతున్నవాళ్ల బస్సు రాత్రిపూట లోయలో పడింది. ఏ ప్రమాదానికి ఏది కారణమో తేల్చడం దర్యాప్తు చేసేవాళ్ల పని. కానీ ఈ ఘాట్‌లలో పొరపాటును సరిదిద్దుకునేంత జాగా ఉండదన్నది ఒకసారి దిగిన ఎవరికైనా తెలుసు. అందుకే కొండ కింద ఇంట్లో ఉన్నప్పుడే ఈ ఆలోచన చేయాలి.

బరువు చూశాకే ప్యాడ్

తెలుగువాళ్లకు మోటారు ఇల్లు కొత్త కాదు. 1982లో తెలుగుదేశం పార్టీ పెట్టిన ఎన్.టి.రామారావు ఊరూరా తిరిగిన చైతన్యరథం, ఒక పాత షెవర్లే వ్యానును ఇల్లుగానూ వేదికగానూ మార్చుకున్న బండి. నడిపింది కొడుకు హరికృష్ణ. రోడ్డు పక్కనే స్నానం, భోజనం, కునుకు. కప్పు మీద నిలబడి ఉపన్యాసం. 1983 జనవరిలో ఆయన ముఖ్యమంత్రి అయ్యేదాకా రాష్ట్రమంతా ఆ బండిలోనే తిరిగారు. ఆ తరం షెవర్లే బండ్లలో నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఉండేవి. వ్యానుగా పుట్టిన బండిని ఇల్లు చేస్తే దాని మోత మారిపోతుందన్నది అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

ఇప్పుడు మన దగ్గర ఇళ్లుగా మారుతున్నవి ఎక్కువగా ట్రావెలర్ లాంటి వ్యాన్లు, ఇంకా పెద్దవి కావాలనుకునేవాళ్లకు బస్సు చాసిస్‌లు. లోపల ఏం చేరుతుందో ఒకసారి కూడుకోండి. 200 లీటర్ల నీళ్ల ట్యాంకు నిండితే 200 కిలోలు. వాడిన నీళ్లు పట్టే ట్యాంకు దానికి తోడు. ఇన్వర్టర్‌కు వాడే ట్యూబులర్ బ్యాటరీ ఒక్కొక్కటి 50 కిలోలకు పైనే. ఏసీ, జనరేటరు, గ్యాస్ సిలిండరు, ప్లైవుడ్ అల్మారాలు, పరుపులు, ఫ్రిజ్, నలుగురు మనుషులు, వాళ్ల సామాన్లు. ఏ ఒక్కటీ పెద్దగా అనిపించదు. కలిపితే టన్ను దాటడం ఎంతసేపు?

ఆర్‌సీలో రెండు బరువులు ఉంటాయి. ఖాళీ బండి బరువు ఒకటి, కంపెనీ అనుమతించిన మొత్తం బరువు రెండోది. బ్రేకులు ఆ రెండో అంకెకు తగ్గట్టు తయారవుతాయి. మీ ఇల్లు ఆ అంకెకు లోపల ఉందో బయట ఉందో తేల్చేది కాటా మాత్రమే. ఇసుక లారీల పుణ్యమా అని గూడూరు చుట్టుపక్కల వేబ్రిడ్జిలకు కరువు లేదు. ట్యాంకు నింపి, డీజిల్ నింపి, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని బండిని కాటా మీద పెట్టండి. ముందు ఇరుసు ఒకసారి, వెనక ఇరుసు ఒకసారి విడివిడిగా తూయించండి. ఆ చీటీ జాగ్రత్త చేయండి. ప్యాడ్ల షాపులో బండి పేరు కన్నా ముందు చూపించవలసిన కాగితం అదే.

అనుమతించిన బరువు దాటితే? ఇక్కడ నా మాట కఠినంగా అనిపించినా చెప్పక తప్పదు. మంచి ప్యాడ్ కొని ఆ తేడా పూడ్చుకుందామన్న ఆలోచనే వద్దు. ప్యాడ్ మారుతుంది గానీ డిస్కు సైజు, క్యాలిపర్, టైర్లు, ఇరుసు మారవు. ముందు బరువు తగ్గించాలి. నీళ్లు గమ్యం చేరాక నింపుకోవచ్చు. ఒక బ్యాటరీ తీసేయొచ్చు. అదీగాక కంపెనీ ఇచ్చిన కొలతలు దాటి బండి రూపం మార్చడం మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్‌కు విరుద్ధమని 2019లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మోటారు కారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం విడిగా ఉంది. ఆ ప్రమాణం ప్రకారం కట్టిన బండికి ప్యాడ్లు ఎంచడం తేలిక, ఎందుకంటే దాని బరువు ఎక్కడో ఒకచోట రాసి ఉంటుంది.

పలకలో మన నేల

బ్రేకు ప్యాడ్ అంటే ఉక్కు పలక మీద వేడితో, ఒత్తిడితో అతికించిన గట్టి ముద్ద. ఆ ముద్దలో పది నుంచి ఇరవై రకాల సరుకు కలుస్తుంది. అన్నిటినీ కలిపి పట్టేది ఫినాలిక్ రెజిన్. బలానికి ఉక్కు పీచో, అరామిడ్ పీచో. జారుడుకు గ్రాఫైట్. ఒరిపిడికి అల్యూమినా లాంటి గరుకు పొడి. ఇవి పోగా మిగిలిన చోటు నింపేవి ఖనిజాల పొడులు. ఆ జాబితా చదువుతుంటే నాకు ఊళ్ల పేర్లే కనబడ్డాయి.

మొదటిది అభ్రకం. గూడూరు పేరు ఒకప్పుడు దేశాలు దాటింది దీనితోనే. గూడూరు, సైదాపురం, రాపూరు ప్రాంతాల్లో 19వ శతాబ్దం చివర్లో తవ్వకాలు మొదలయ్యాయి. ఇక్కడి అభ్రకానికి ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. రేకులుగా చీల్చి విద్యుత్ పరికరాలకు, రేడియోలకు పంపేవాళ్లు. పెద్ద రేకులకు గిరాకీ తగ్గాక చిన్న ముక్కలు, పొడి మిగిలాయి. బ్రేకు ప్యాడ్‌కు కావలసింది ఆ పొడే. పొరలు పొరలుగా ఉండే అభ్రకం వేడిని ఓర్చుకుంటుంది, బ్రేకు వేసినప్పుడు పుట్టే బొంగురు చప్పుడును తగ్గిస్తుంది. ఈ అభ్రకపు పట్టీలోనే దొరికే వెర్మిక్యులైట్‌ను కూడా ఇలాంటి పనికే కలుపుతారు.

రెండోది ముగ్గురాయి. వెలిగొండలకు అవతల ఓబులవారిపల్లె మండలం మంగంపేటలో ఉన్నది ప్రపంచంలోనే అతి పెద్ద ఏకైక ముగ్గురాయి నిక్షేపం. అక్కడి రాయి ఎక్కువగా చమురు బావుల తవ్వకానికి పోతుంది. అదే జాతి పొడి ప్యాడ్‌లో బరువైన పూరకంగా పనిచేస్తుంది, వేడిలో ముద్ద చెదరకుండా చూస్తుంది. మూడోది జీడిపిక్క పెంకు నూనె. ఉద్దానంలో, పలాసలో పప్పు తీశాక మిగిలే పెంకులో ఉండే ఆ నూనెను గట్టిపరచి పొడి చేస్తే, పెడల్ తొక్కినప్పుడు ప్యాడ్ కుదుపు లేకుండా మెత్తగా పట్టుకోవడానికి పనికొస్తుంది.

నాలుగోదాని గురించి చెప్పడం ఇష్టం లేకపోయినా చెప్పాలి. ఆస్బెస్టాస్, మనవాళ్లు రాతినార అంటారు. పులివెందుల ప్రాంతంలో దాన్ని తవ్వారు. ఇంగ్లండ్‌లో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన 1897లో ఫెరోడో కంపెనీ మొదలుపెట్టి, 1908 నాటికి బ్రేకుల్లో రాతినార వాడకం మొదలుపెట్టాడు. ఆ తరవాత దశాబ్దాలపాటు ప్రపంచమంతా అదే పద్ధతి. వేడికి చెక్కుచెదరని ఆ నారే ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ తెస్తుందని తేలడానికి చాలా మంది కార్మికులు బలయ్యారు. పేరున్న కంపెనీలు ఇప్పుడు రాతినార లేని ప్యాడ్లే చేస్తున్నాయి, అట్టపెట్టె మీద ఆ మాట రాస్తున్నాయి. రాయని ప్యాడ్ కొనకండి. పాత బండి డ్రమ్ము విప్పినప్పుడు మెకానిక్ కుర్రాడు నోటితో ఊదినా, గాలి పైపు పెట్టి కొట్టినా వద్దని చెప్పండి. తడిగుడ్డతో తుడవమనండి. ఆ దుమ్ము పీల్చేది ముందుగా అతనే.

రెండు అక్షరాలు

చాలా ప్యాడ్ల వెనకో, అంచునో కంపెనీ గుర్తు తరవాత రెండు ఇంగ్లిషు అక్షరాలు ముద్రించి ఉంటాయి. ఈఈ, ఈఎఫ్, ఎఫ్ఎఫ్, జీజీ. వీటిని పట్టించుకునేవాళ్లు తక్కువ. నా దృష్టిలో పెట్టె మీది రంగు బొమ్మలన్నిటికన్నా విలువైన సమాచారం ఇదే. మొదటి అక్షరం మామూలు వేడిలో ప్యాడ్ పట్టు ఎంతో చెబుతుంది. రెండోది బాగా వేడెక్కాక పట్టు ఎంతో చెబుతుంది. ఈ అంటే ఘర్షణ గుణకం 0.25 నుంచి 0.35. ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45. జీ అంటే 0.45 నుంచి 0.55.

ఘాట్ దిగేవాళ్లకు రెండో అక్షరం ముఖ్యం. మొదటి అక్షరం ఎఫ్, రెండోది ఈ అయిన ప్యాడ్ గూడూరు బజారులో గట్టిగానే పట్టి, కొండ మీద మెత్తబడుతుంది. ఎఫ్ఎఫ్ అయితే రెండు చోట్లా ఒకే తీరుగా ఉంటుంది. కాలికి ఒకే అలవాటు ఉండడం ఘాట్‌లో చాలా పెద్ద సంగతి. అలాగని జీజీ ఇంకా మంచిదనుకుని ముందు చక్రాలకు వేయకండి. వెనక పాత పట్టు ఉన్న షూలు, ముందు మరీ పట్టేసే ప్యాడ్లు అయితే కంపెనీ కుదిర్చిన ముందు వెనకల తూకం చెడుతుంది. ఐరోపాలో ఆర్90 అనే నిబంధన ఉంది. దాని ప్రకారం బయటి కంపెనీ ప్యాడ్ పట్టు అసలు ప్యాడ్ పట్టుకు 15 శాతం అటూ ఇటూ లోపలే ఉండాలి. ఆ ఆలోచన మనకూ పనికొస్తుంది. బండితో వచ్చిన ప్యాడ్ మీది అక్షరాలు రాసుకుని, కొత్తది కూడా వాటినే అడగండి.

షాపులో మూడు రకాలు చూపిస్తారు. ఆర్గానిక్ రకం చప్పుడు చేయదు, డిస్కును తినదు, ధర తక్కువ. బరువైన బండితో కొండ దిగితే ముందుగా అలసిపోయేది ఇదే. సెమీ మెటాలిక్ రకంలో సుమారు మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల దాకా లోహం ఉంటుంది. వేడిని త్వరగా లాగేస్తుంది, పట్టు నిలుపుతుంది. బదులుగా దుమ్ము, చలి ఉదయాల్లో కొంచెం కీచు, డిస్కు మీద కాస్త ఎక్కువ అరుగుదల. సిరామిక్ రకం శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంటుంది, ధర ఎక్కువ. తేలికైన కార్లకు బాగుంటుంది. ఐదు టన్నుల ఇంటికి నేనైతే సెమీ మెటాలిక్, ఎఫ్ఎఫ్ అంటాను. కీచు శబ్దాన్ని ఇంటివాళ్లు వారంలో మరిచిపోతారు.

మన అదృష్టం ఏమిటంటే ఈ సరుకు తయారీ మన గడపలోనే ఉంది. గూడూరుకు నూట నలభై కిలోమీటర్లలోపు చెన్నై పాడిలో బ్రేక్స్ ఇండియా, సుందరం బ్రేక్ లైనింగ్స్ ఉన్నాయి. 1964లో రానే బ్రేక్ లైనింగ్ పేరుతో మొదలైన సంస్థకు హైదరాబాద్‌లో కూడా ఫ్యాక్టరీ ఉంది. బండి కంపెనీలకు అసలు ప్యాడ్లు, లైనింగులు ఇచ్చేది ఇలాంటి సంస్థలే. బండి కంపెనీ పెట్టెలో కొన్నా, ప్యాడ్ కంపెనీ సొంత పెట్టెలో కొన్నా తేడా చాలాసార్లు ధరలోనే.

నకిలీలు పుట్టేది కూడా సరిగ్గా ఈ పేర్లమీదే. పెట్టె మీది సీలు, హోలోగ్రాము, క్యూఆర్ కోడు చూడండి. కోడును అక్కడే ఫోనుతో స్కాన్ చేయండి. నాలుగు ప్యాడ్లూ బయటికి తీసి పక్కపక్కన పెట్టండి. బ్యాచి నంబరు నాలుగింటికీ ఒకటే ఉండాలి. ముద్దకూ ఉక్కు పలకకూ మధ్య గీత పెట్టినట్టు సందు కనిపించకూడదు. పలక అంచులు మొద్దుగా, రంగు ఉప్పొంగినట్టు ఉంటే వద్దు. బిల్లు లేకుండా తగ్గిస్తానంటే ఆ తగ్గింపు తీసుకోకండి. బిల్లు మీద పార్టు నంబరు రాయమనండి. మోటారు ఇంటి లోపలి పనికి లక్షలు పోసినవాళ్లు ప్యాడ్ల దగ్గర ఐదువందలకు బేరమాడడం చూస్తే నాకు బాధేస్తుంది.

బస్సు చాసిస్ మీద కట్టిన పెద్ద ఇళ్ల సంగతి వేరు. వాటిలో చాలావాటికి గాలి బ్రేకులు, డ్రమ్ములు. అక్కడ ప్యాడ్ల మాట ఉండదు, షూలకు రివెట్లతో బిగించే లైనర్లే. డ్రమ్మును లేతుకు పెట్టి కోయించి ఉంటే దానికి తగ్గ ఓవర్‌సైజు లైనర్ వేయాలి, లేకపోతే లైనర్ నడిమి భాగమే డ్రమ్ముకు ఆనుతుంది. ఈ పని లారీ లైనర్లు వేసే మేస్త్రీల చేతిలో పెట్టండి. హైవే ఊళ్లలో వాళ్లకు కొదవ లేదు, ఇంత బరువు గురించి కారు మెకానిక్ కన్నా వాళ్లకే బాగా తెలుసు. ఎగ్జాస్ట్ బ్రేకు ఉంటే అది పనిచేస్తోందో లేదో కూడా అప్పుడే చూపించుకోండి.

నిలిపి ఉంచిన బండి

లారీ ప్యాడ్ అరిగి చస్తుంది. మోటారు ఇంటి ప్యాడ్ ఎక్కువసార్లు కూర్చుని చస్తుంది. ఏడాదిలో కొద్ది వారాలే తిరిగే బండి ఇది. మిగతా కాలం షెడ్డులోనో, చెట్టుకిందనో ఉంటుంది. గూడూరుకు సముద్రం దగ్గర, గాలిలో ఉప్పు తేమ. డిస్కు మీద తుప్పు పట్టి ప్యాడ్ దానికి అతుక్కుంటుంది. క్యాలిపర్ జారే పిన్నులు బిగుసుకుంటాయి. అన్నిటికన్నా ప్రమాదం ఉక్కు పలకకూ ముద్దకూ మధ్య పట్టే తుప్పు. అది లోపలినుంచి ఉబ్బి ముద్దను పలక నుంచి లేపేస్తుంది. మందం చూస్తే ఇంకా ఎనిమిది మిల్లీమీటర్లు కనబడుతుంది, ఒక గట్టి బ్రేకుకు ముద్ద ఊడిపోవచ్చు. అందుకే ఈ బండికి 'ఇంకా అరగలేదు కదా' అన్న మాట చెల్లదు. ముద్ద 3 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చడం అందరికీ తెలిసిన నియమం. ముద్ద పగుళ్లిచ్చినా, అద్దంలా మెరుస్తున్నా, అంచున తుప్పు గీత కనిపించినా అంతే, మందంతో పనిలేకుండా మార్చాలి.

ప్యాడ్ల ఖర్చులో కొంత తగ్గించుకోవాలంటే ఏది తగ్గించాలి అని అడిగితే, ఏదీ వద్దు, పైగా బ్రేక్ ఆయిల్ కూడా మార్చండి అంటాను. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చాక 140కే మరగవచ్చు. డాట్ 4 అయితే కొత్తది 230, తేమ పీల్చింది 155. ఘాట్‌లో ప్యాడ్ వేడి పిస్టన్ గుండా ఆయిల్‌కు చేరుతుంది. ఆయిల్ మరిగితే పైపులో ఆవిరి బుడగలు పుడతాయి. బుడగ అణుగుతుంది, ఆయిల్ అణగదు. పెడల్ నేల దాకా పోతుంది, బండి ఆగదు. ఎంత ఖరీదైన ప్యాడ్ వేసినా ఆ క్షణంలో దానిదాకా ఒత్తిడే చేరదు. మన తీరప్రాంతపు గాలిలో రెండేళ్లకోసారి ఆయిల్ పూర్తిగా తీసేసి కొత్తది పోయించడం, నాలుగు చక్రాల దగ్గరా ఎయిర్ తీయించడం తప్పనిసరి. డబ్బా సీలు మీ కళ్ల ముందు తెరవాలి. సగం వాడి మూత పెట్టిన డబ్బా వద్దు.

ప్యాడ్లు ఎప్పుడూ ఒక ఇరుసుకు రెండు వైపులా ఒకేసారి మార్చాలి. డిస్కు మీద కనీస మందం ముద్రించి ఉంటుంది, దానికన్నా పల్చబడితే డిస్కు కూడా మార్చాలి. పిన్నులకు సిలికాన్ గ్రీజు రాయించాలి, అది ప్యాడ్ ముద్దకు అంటకూడదు. రబ్బరు గొట్టాలను వంచి చూసి పగుళ్లుంటే తీసేయాలి.

వేసిన మర్నాడే కొండకు పోవద్దు

కొత్త ప్యాడ్‌కూ డిస్కుకూ పొత్తు కుదరాలి. తెల్లవారుజామున రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు 50 వేగంలో పోతూ నెమ్మదిగా 10 దాకా తగ్గించి, పూర్తిగా ఆపకుండా మళ్లీ వేగం అందుకోండి. మధ్యలో అర నిమిషం గాలి తగలనివ్వండి. ఇరవై ముప్పైసార్లు ఇలా చేస్తే ప్యాడ్ పదార్థం డిస్కు మీద సన్నని పొరగా పరుచుకుంటుంది. ఆ పొర కుదరని ప్యాడ్‌తో ఘాట్‌కు పోతే ముద్ద అసమానంగా కాలి, బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగు వణుకుతుంది. తరవాత ఒక చిన్న ఘాట్, రాపూరు దారి లాంటిది, సగం బరువుతో దిగి చూడండి. ఆపైనే నిండు ఇంటితో తిరుమల. అసలు మీ సైజు బండికి ఘాట్‌లోకి అనుమతి ఉందో లేదో అలిపిరి దగ్గర ముందే కనుక్కోవాలి, లేకపోతే ఇంటిని కిందే నిలిపి బస్సులో పోవచ్చు. ఆ దారిలో 2022 నుంచి ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు కూడా నడుస్తున్నాయి. దిగేటప్పుడు వాటి మోటార్లు జనరేటర్లుగా పనిచేసి, మన బండ్లు వేడిగా పారబోసే శక్తిలో కొంత బ్యాటరీకి తిరిగిస్తాయి. మోటారు ఇళ్లకు కూడా ఆ రోజు రావాలని నా కోరిక.

దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే, అవసరమైతే ఇంకా కింది గేరులోనే దిగండి. ఇంజను ఆపకండి. ఆగితే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకే అయిపోతుంది, ఆ తరవాత పెడల్ రాయిలా బిగుస్తుంది. కాలు అదేపనిగా పెడల్ మీద ఆనించి ఉంచకుండా, కాసేపు గట్టిగా పట్టి వేగం తగ్గించి, కాసేపు వదలండి. వదిలిన క్షణాల్లోనే డిస్కుకు గాలి తగులుతుంది. కాలిన వాసన వస్తే, పెడల్ మెత్తబడితే, అనుమతి ఉన్న చోట బండి పక్కకు తీసి, గేరులో ఉంచి, టైర్లకు అడ్డు చెక్కలు పెట్టి అరగంట ఆగండి. కాలిన డిస్కు మీద నీళ్లు పోయవద్దు, పగులుతుంది.

అలిపిరికి చేరాక ఇంకో చిన్న పని ఉంది. వేడి కొలిచే తుపాకీ లాంటి థర్మామీటరు ఇప్పుడు తక్కువ ధరకే దొరుకుతోంది. నాలుగు చక్రాల దగ్గరా దాన్ని గురిపెట్టి అంకెలు రాసుకోండి. ముందు రెండూ ఇంచుమించు ఒకేలా ఉండాలి, వెనక రెండూ ఒకేలా ఉండాలి. ఒకే ఇరుసు మీద ఒకటి బాగా వేడిగా, రెండోది చల్లగా ఉంటే, వేడి చక్రం క్యాలిపర్ బిగుసుకుపోయి అయినా ఉండాలి, చల్లటి చక్రం అసలు పనిచేయకుండా అయినా ఉండాలి. ఆ అంకెల చీటీని కాటా చీటీతో కలిపి ఉంచి, గూడూరు చేరాక మెకానిక్ చేతికి ఆ రెండూ ఇచ్చి, ముందు ఆ చక్రమే విప్పించండి.